ఏలీషా గారి అదురు స్టూలు

జగన్నాథపురం రేవు దగ్గరి చర్చిలో సంఘపెద్దలు ఏప్రిల్ నెలలో ఒక తీర్మానం చేసి, మినిట్స్ పుస్తకంలో రాసి, సంతకాలు కూడా పెట్టేశారు. ఇక మీదట డ్రమ్ముల పక్కన బేస్ బాక్సు, అదే బేస్ గిటారు పెద్ద స్పీకరు, పెట్టరాదు. దీనికంతటికీ మూలం దీనమ్మ మామ్మ. ఎనభై రెండేళ్ళ మనిషి, ముందు వరస చాప మీద కూర్చుంటుంది. ఆ బాక్సు మోగినప్పుడల్లా తన గుండెకాయ గొంతులోకి వచ్చి కూర్చుంటోందని అయ్యగారి దగ్గర మొరపెట్టుకుంది. కిటికీ అద్దాలు కూడా గలగలమంటున్నాయని ఇంకెవరో వత్తాసు పలికారు. ఇంకేం, బాక్సు వెళ్ళి స్టోరు గదిలో పడింది.

అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఒక్క ఏలీషాకే ఒళ్ళు మండింది.

ఏలీషాకు ఆదివారం డ్రమ్ములు, మిగతా ఆరు రోజులూ మరబోట్ల ఇంజన్లు. డీజిలు మోత ముప్పై ఏడేళ్ళుగా తినగా తినగా చెవుల్లో మిగిలింది సగమే. అయినా రేవులో అతన్ని మించిన మెకానిక్కు లేడు. అతను ఇంజన్ని చెవితో వినడు. బోటెక్కి, ఇంజను మీది చెక్క మూత మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు, కళ్ళు మూసుకుంటాడు. "మూడో నాజిల్ కారుతోందిరా," అంటాడు. విప్పి చూస్తే మూడోదే. డ్రమ్ములు వాయించడంలో కూడా అతనిది ఇదే పద్ధతి. బేస్ గిటారు మోత ఒంటికి తగలాలి, అప్పుడే కాలు లేస్తుంది.

"బాక్సు తీసేస్తే నేను దేన్ని పట్టుకుని వాయించాలండి అయ్యగారూ? చుక్కాని పీకేసి బోటు నడపమన్నట్టుంది," అని పాస్టరు గారి ముందు గోలపెట్టాడు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. పైగా మే నెలాఖరు ఆదివారం చర్చికి వందేళ్ళు నిండుతున్నాయి. బిషప్ గారు వస్తారు, చుట్టుపక్కల సంఘాలన్నీ వస్తాయి. ముప్పై ఏళ్ళుగా ఆ డ్రమ్ముల వెనక కూర్చున్నవాడు ఆ రోజు కూర్చోకపోతే ఎలా?

అతని పక్కన నిలబడి బేస్ గిటారు వాయించేది బావమరిది విజయరత్నం. పనికి దర్జీ, నోటికి కత్తెర. ఈ బావా బావమరుదుల మధ్య ఎగతాళి లేకుండా ఒక్క మాట నడిచినట్టు చర్చిలో ఎవరికీ గుర్తులేదు. "బాక్సు పోతే పోయిందిలే బావా, నువ్వు ఎలా కొట్టినా ఒకటే," అని రత్నం ఇంకాస్త మండించాడు.

చివరికి దారి చూపింది రత్నం కూతురు హెప్సిబా. ఆ పిల్ల ఊళ్ళోనే ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెబుతుంది, అక్కడే చిన్న ల్యాబు నడుపుతుంది. ఒక శనివారం చర్చికి వచ్చి, అరచేతి వెడల్పున్న ఇనుప బిళ్ళనొకదాన్ని డ్రమ్ముల స్టూలు అడుగున నాలుగు మరలతో బిగించింది. బిళ్ళలో తీగచుట్టా అయస్కాంతమూ ఉన్నాయి. బేస్ గిటారు నుంచి వచ్చే వైరు దానికి తగిలించింది.

"స్పీకరు గాలిని కదుపుద్ది మామయ్యా. ఇది స్టూలునే కదుపుద్ది. నీకు తప్ప పక్కవాడికి కూడా తెలీదు. కూర్చో."

ఏలీషా కూర్చున్నాడు. రత్నం లావు తీగని మీటాడు. ఏలీషా కళ్ళు పెద్దవయ్యాయి. మోత స్టూల్లోంచి బయల్దేరి నడుంలోకి, అక్కణ్ణుంచి వెన్ను వెంట పైకి పాకింది. గదిలో మాత్రం చీమ చిటుక్కుమన్నంత చప్పుడైనా లేదు.

"ఏం బావా, నా పాట ఎక్కడిదాకా వచ్చింది?"

"మెడ దాకా వచ్చిందిరా. తలకెక్కేంత గొప్పగా ఎప్పుడు వాయించేవు నువ్వు!"

మర్నాడు ఆరాధనలో ఏలీషా దుమ్ము రేపాడు. దీనమ్మ మామ్మ గుండెకాయ ఉన్నచోటే ఉంది. అయ్యగారి ప్రసంగం మధ్యలో ఆవిడ చిన్న కునుకు కూడా తీసింది. ఆ రోజు నుంచి సంఘంలో దానికి అదురు స్టూలనే పేరు స్థిరపడింది.

అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. కానీ చదువుకున్న పిల్ల ఊరుకుంటుందా?

హెప్సిబా ల్యాబులో చేసే అసలు పని ఇంకొకటి. చెయ్యి కోల్పోయినవాళ్ళ కోసం, మోచేతి కింద కట్టుకునే ఒక పట్టీ తయారుచేస్తోంది. వేలు కదలడానికి ముందే లోపల నరమూ కండా సిద్ధమవుతాయి. ఆ సిద్ధమయ్యే క్షణాన్ని పట్టీ పసిగడుతుంది. ఒక సాయంత్రం స్టూలుతో సహా ఇద్దరినీ ల్యాబుకి రప్పించి, ఆ పట్టీని తండ్రి చేతికి కట్టి, గిటారు వైరు అలాగే ఉంచి, పట్టీ వైరు కూడా అదురు స్టూలుకి కలిపింది. మామయ్యని కళ్ళు మూసుకుని కూర్చోమంది.

రత్నం మీటాడు. ముందు స్టూలు చిన్నగా అదిరింది, తర్వాత గిటారు మోత వచ్చింది. మధ్యలో సందు రెప్పపాటు కూడా లేదు. కానీ ఉంది. ఏలీషా అంతటివాడికి అది దొరక్కపోవడమేంటి?

"ఇదేంటే! వాడు కొట్టకముందే వచ్చింది!"

"నాన్న చెయ్యి కొడదామనుకోగానే నీకు తెలుస్తుంది మామయ్యా. పాట నీకు ముందే అందుద్ది. కాలు సరిగ్గా కలుస్తుంది."

రత్నం కొంటెగా మళ్ళీ మీటబోయి, ఆఖరు క్షణంలో వేలు ఆపేశాడు. స్టూలు అదిరింది, గిటారు మోగలేదు.

"ఒరేయ్, అబద్ధం ఆడేవు!" అన్నాడు ఏలీషా కళ్ళు తెరవకుండానే.

రత్నం పడీపడీ నవ్వాడు. "అక్కకి చెప్పాలి ఈ సంగతి. నా మనసులో మాట మా బావ పిర్రలకి ముందు తెలుస్తాదంట!" హెప్సిబా కూడా నవ్వుతూనే కంప్యూటరులో ఆ సందుని కొలిచి రాసుకుంది. పదిసార్లు కొలిస్తే పదిసార్లూ ఒకటే వచ్చింది.

తిరకాసు చర్చిలో మొదలైంది. వందేళ్ళ పండుగకి రిహార్సలు పెట్టారు. కొత్త అదురుతో మొదటి కీర్తన ఎత్తుకోగానే ఏలీషా మొహం చిట్లించాడు. స్టూలు తొందరపెడుతోంది. రా, రా అని పిలుస్తోంది. మోత మాత్రం తీరిగ్గా వస్తోంది. ల్యాబులో రెప్పపాటు కూడా లేని సందు ఇక్కడ ఇంకా వెడల్పయింది.

"నీ మిషను పరుగెడుతోందే అమ్మడూ," అన్నాడు.

హెప్సిబా వైర్లు చూసింది, పట్టీ చూసింది, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఏలీషా నమ్మలేదు. అది వేట నిషేధం కాలం, బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి కాబట్టి షెడ్డు నిండా విప్పిన ఇంజన్లే. అవన్నీ పక్కన పెట్టి స్టూలుని తలకిందులు చేసి బల్ల మీద పెట్టాడు. ఇంజను ముందుగా మండుతుంటే పంపు టైమింగు తప్పినట్టు. దీనిక్కూడా ఎక్కడో టైమింగు మర ఉండే ఉంటుందని తీర్మానించుకుని, కనపడిన ప్రతి మరనీ స్పానరుతో అటూ ఇటూ తిప్పాడు. మూడు మరలు తలలు అరిగిపోయాయి. స్టూలు ఒక పక్కకి ఒరిగింది. సందు మాత్రం అలాగే ఉంది.

అప్పుడు అతనికి మెకానిక్కు బుద్ధి పుట్టింది. జబ్బు ఎక్కడుందో తెలియనప్పుడు ఒక్కొక్కటీ ఆపుకుంటూ రావాలి. కుర్ర వయసులో ఉస్తాదు నేర్పిన మొదటి పాఠం అది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక బావమరిదినీ మేనకోడల్నీ డ్రమ్ములతో సహా షెడ్డుకి రప్పించాడు.

"రత్నం, ఫోనులో తాళం టకటక పెట్టుకుని నువ్వొక్కడివే వాయించు. నేనేం కొట్టను."

రత్నం వాయించాడు. సందు చిన్నది. ల్యాబులో ఉన్నంతే.

"ఇప్పుడు టకటక ఆపెయ్. నేను చేతులతోనే కొడతాను."

చేతులతో కొట్టాడు. సందు చిన్నదే.

"ఇప్పుడు కాలు కూడా వేస్తాను."

కుడికాలితో పెద్ద డ్రమ్ము పెడలు తొక్కాడు. సందు వెడల్పయింది. కాలు తీశాడు, తగ్గింది. కాలు వేశాడు, పెరిగింది. మళ్ళీ తీశాడు, మళ్ళీ వేశాడు. నాలుగోసారి తర్వాత కర్రలు ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు.

ఆరేళ్ళ కిందట ఒక బోటు లంగరు జారి అతని కుడి మడమ మీద పడింది. లోపల ప్లేటు వేశారు. మూడు నెలల్లో లేచి నడిచాడు, నాలుగో నెల డ్రమ్ముల ముందు కూర్చున్నాడు. ఏమీ తేడా లేదని అతనే అందరికీ చెప్పుకున్నాడు. ఇప్పుడు చూస్తే ఆ కాలు ప్రతి దెబ్బకీ ఆలస్యంగా పడుతోంది. ఆ ఆలస్యం బయటపడకుండా, పక్కనున్నవాడు తన వేలిని అంతసేపూ పట్టి ఉంచుతున్నాడు. ఒక రోజు కాదు, ఒక పాట కాదు. ఆరేళ్ళు.

రత్నం గిటారు సంచీలో పెట్టేసుకున్నాడు. "కొట్టు తెరవాలి బావా," అన్నాడు, ఆదివారమని మర్చిపోయి. హెప్సిబా ల్యాప్‌టాప్ మూసేసింది. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. తన మిషను బాగా పనిచేసినందుకు ఏడుపొచ్చిన మనిషి ఆ ల్యాబులో ఆమె ఒక్కతే అయి ఉంటుంది.

ఏలీషా ఇంటికెళ్ళేసరికి భార్య సువార్త పెరట్లో కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది.

"నా కాలు ఆలస్యంగా పడుతోందంట. నీకు తెలుసా?"

సువార్త చేతులు ఆగలేదు. తల కూడా ఎత్తలేదు. "కాళ్ళు కడుక్కోండి ముందు."

"తెలుసా అని అడుగుతున్నాను."

"తెలుసండి. కట్టు విప్పేక మీరు కూర్చున్న మొదటి ఆదివారమే తెలిసింది."

"ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికి తెలీదని చెప్పమంటారు? మేం చప్పట్లు కూడా కాస్త ఆగే కొడతాం కదండి. పక్క ఊరి సంఘానికెళ్తే అక్కడివాళ్ళతో మా చప్పట్లు కలవడం లేదు, నవ్వుతున్నారు కూడాను."

"దీనమ్మ మామ్మకి కూడా తెలుసా?"

"ఆవిడే మా అందరికీ నేర్పింది."

ఈ ఆరేళ్ళలోనూ తాళం తప్పుతున్నారని తను కేకలెయ్యని మనిషి గాయక బృందంలో లేడు. "నేను గడియారంరా, నన్ను చూసి పాడండి," అని ఎన్నిసార్లు అన్నాడో! వాళ్ళంతా కిక్కురుమనకుండా అలాగేనండి అన్నారు. సిగ్గుతో అతని చెవులు మండిపోయాయి. ఆ పూట రొయ్యల కూర ముట్టుకోలేదు. పండుగ రోజు తను వాయించనని, కర్రలు అయ్యగారికి ఇచ్చేస్తానని చెప్పి మంచమెక్కాడు.

రెండు రోజులు మింగలేక కక్కలేక గడిపి, మూడో రోజు రత్నం కొట్టుకి వెళ్ళాడు. కొట్టు నిండా తెల్ల గుడ్డే. పండుగకి గాయక బృందానికి నలభై గౌనులు కుట్టే పని రత్నం నెత్తినే పడింది. బావని చూసి మిషను ఆపాడు.

"ఎందుకు చేసేవురా?"

"ఏం చేసేను?"

"నా మీద జాలిపడ్డావు. కుంటోడని ఎత్తుకు తిప్పినట్టు ఆరేళ్ళు తిప్పేవు. మొహం మీద ఎగతాళి చేస్తా, వెనక జాలిపడతా... ఎగతాళే నయం కదరా!"

రత్నం మెడలో టేపు తీసి చుట్టాడు, విప్పాడు, మళ్ళీ చుట్టాడు. ఆ నోటికి మాట దొరక్కపోవడం ఏలీషా మొదటిసారి చూశాడు.

"జాలంటే ఏమో నాకు తెలీదు బావా. అలా పడలేదు నేను," అన్నాడు చివరికి.

"మరేంటిరా అది?"

"చెప్పడం రాదు నాకు."

ఏలీషా నమ్మలేదు. లేచి వచ్చేశాడు. మనిషికి కాలు విరిగితే అతుకుతుంది. పదిమంది తనకోసం తగ్గి నడుస్తున్నారని తెలిశాక, ఇక ఏ మొహం పెట్టుకుని వాళ్ళ మధ్య కూర్చోవాలి? అతని బాధంతా అదే.

మర్నాడు పొద్దున్నే హెప్సిబా షెడ్డుకి వచ్చింది. చేతిలో చిన్న డబ్బా, డబ్బాకి ఒక గుండ్రటి బొత్తాం.

"మామయ్యా, నావల్లే ఇదంతా జరిగింది. ఇది స్టూలుకి తగిలిస్తాను. బొత్తాం ఇటు తిప్పితే అదురు, మోతా ఒకేసారి వస్తాయి. నీకు ఏ సందూ తెలీదు. ఎప్పటిలాగే ఉండొచ్చు."

"అంటే స్టూలు కూడా నాకోసం అబద్ధం ఆడుద్దన్నమాట."

హెప్సిబా తల దించుకుంది.

ఏలీషా డబ్బాని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అటు తిప్పితే ఏమవుద్ది?"

"పట్టీ ఇంకా మొదట్లోనే పసిగట్టేస్తుంది. అదురు ఇంకాస్త ముందుకొస్తుంది."

అతని చెయ్యి ఆగింది. ముసలి ఇంజను ఆలస్యంగా మండుతుంటే ఏం చేస్తారు? పారేస్తారా? డీజిలు కొంచెం ముందు కొడతారు. సరిగ్గా సమయానికి మండుతుంది. ఈ చిన్న సంగతి నాలుగు రోజులుగా తన బుర్రకెందుకు తట్టలేదని తననే తిట్టుకున్నాడు.

"నా కాలు ఎంత ఆలస్యమో అంత ముందుకి తిప్పు. వాడు ఆగక్కర్లేదు. ఎవ్వడూ ఆగక్కర్లేదు. నేనే వస్తాను."

మాటైతే అనేశాడు గాని, చెయ్యడం అంత తేలిక కాలేదు. ఏలీషా అదురు తగలగానే కాలు వెయ్యడం నేర్చుకోవాలి. రత్నం ఆగడం మానుకోవాలి. ఎవరి పని కష్టమంటే రత్నంది. ఆగొద్దు ఆగొద్దు అని కూతురు పక్కనుండి అరుస్తున్నా, పెద్ద డ్రమ్ము దగ్గరికొచ్చేసరికి ఆ వేలు తనంతట తనే నిలిచిపోయేది. పదకొండు రోజులు పట్టింది. పన్నెండో రోజు ఇద్దరూ ఒక కీర్తన మొదలునుంచి చివరిదాకా ఒక్క దెబ్బ తేడా లేకుండా వాయించారు. హెప్సిబా కంప్యూటరు చూసి గెంతులేసింది. అయ్యగారు చప్పట్లు కొట్టారు.

ఏలీషా గర్వంగా పక్కకి చూశాడు. రత్నం తీగల వంకే చూస్తున్నాడు. ఇదివరకు పాటలో ప్రతి మలుపులోనూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. ఇప్పుడా పని లేదు, అంతా స్టూలే చెబుతుంది. ఎగతాళి కూడా తగ్గింది. బావా బాగా కొట్టేవు అని రత్నం మర్యాదగా అంటుంటే ఏలీషాకి ఎవరో కొత్తవాళ్ళతో వాయిస్తున్నట్టుంది. అయినా కోరుకున్నది ఇదే కదా అని సర్దిచెప్పుకున్నాడు. ఎవరి దయా లేకుండా నిలబడ్డాను, చాలు.

పండుగ రోజు చర్చి లోపల కాలు పెట్టే చోటు లేదు. బయట షామియానా కింద కూడా జనమే. నలభై తెల్ల గౌనులు వరసగా నిలబడ్డాయి. బిషప్ గారు ఆశీర్వాదం పలికాక మొదటి కీర్తన అందుకున్నారు. ఏలీషా కాలు టంచనుగా పడింది. సంఘం చప్పట్లు అలవాటు కొద్దీ వెనకబడ్డాయి. దీనమ్మ మామ్మ ఇదేంటి చెప్మా అన్నట్టు తలెత్తి చూసింది. రెండో చరణానికి అందరూ దారిలో పడ్డారు. రెండో కీర్తన నల్లేరు మీద బండిలా సాగింది. పక్క సంఘంవాళ్ళు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుని మెచ్చుకుంటున్నారు.

మూడోది పెద్ద కీర్తన, ఏడు చరణాలు. నాలుగో చరణంలో అదురు తగిలింది.

కాలు లేవాలి. లేవలేదు.

రెప్పపాటు గడిచింది. మోత వచ్చింది. సరిగ్గా ఆ మోతతోనే కాలు పడింది. పెద్ద డ్రమ్మూ బేస్ గిటారూ కలిసే మోగాయి. ఏలీషాకి అర్థం కాలేదు. మళ్ళీ అదురు వచ్చింది. కాలు మళ్ళీ ఆగింది. మోత వచ్చాకే పడింది. పదకొండు రోజులు కష్టపడి నేర్చుకున్న పని కాలు మర్చిపోయిందా అని కంగారుగా పక్కకి చూశాడు.

రత్నం మొహం చెమటతో తడిసిపోయింది. కుడిచెయ్యి చూపుడువేలూ నడిమివేలూ కొంకర్లు పోతున్నాయి. పదిహేను రోజులుగా పగలంతా కత్తెర, సాయంత్రమంతా గిటారు. ఆ చెయ్యి ఇవాళ మొరాయించింది. మీటాలని చెయ్యి సిద్ధమవుతూనే ఉంది, వేలే ఆలస్యంగా కదులుతోంది. పళ్ళు బిగించి లాక్కొస్తున్నాడు. బావ వంక చూడ్డం లేదు. తను వెనకబడ్డానని, పాట తనని వదిలేసి వెళ్ళిపోతుందని ఆ మొహంలో భయం కనిపిస్తోంది.

పాట వెళ్ళిపోలేదు. ఏలీషా కాలు ప్రతి అదురుకీ ఆగి, రత్నం వేలు వచ్చాకే పడుతోంది. ముందు వరసలో చప్పట్లు నిదానించాయి, ఆ వెనక గాయక బృందమూ నిదానించింది. ఎవరూ ఎవరికీ సైగ చెయ్యలేదు. చర్చంతా కలిసి అడుగు నెమ్మది చేసుకుని నడిచింది. ఆ నిదానానికి కీర్తన ఇంకా నిండుగా ఉందని బిషప్ గారు కళ్ళు మూసుకున్నారు.

ఏలీషా వాయిస్తూనే తనలోకి తను చూసుకున్నాడు. ఇంజన్లో జబ్బు వెతికినట్టు ఒక్కొక్కటీ ఆపుకుంటూ వెతికాడు. వీడి మీద నాకు జాలి పుట్టిందా? లేదు. అయ్యో పాపం అనుకున్నానా? లేదు. ఆగుదామని అనుకున్నానా? అదీ లేదు. అనుకునేంత వ్యవధి ఎక్కడిది? రత్నం లేకుండా ముందుకెళ్ళడం కాలికి తెలియదు, అంతే. ఆరేళ్ళుగా ఆ వేలు కూడా ఇలాగే ఆగి ఉంటుంది. దాన్ని పట్టుకుని తను జాలన్నాడు. అంతమాట అన్నాక కూడా ఆ మనిషి పదకొండు రోజులు తనతో సాధన చేశాడు. ఏలీషా కళ్ళు నిండిపోయాయి. చేతుల్లో కర్రలున్నాయి, తుడుచుకోవడానికి లేదు. ఏడో చరణం దాకా అలాగే వాయించాడు.

ఆరాధన అయిపోగానే హెప్సిబా ల్యాప్‌టాప్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"మామయ్యా, నాలుగో చరణం నుంచి ప్రతి దెబ్బకీ ఆలస్యం ఉంది! డబ్బాలో ఏదో తేడా చేసింది. సాయంత్రం విప్పి చూస్తాను."

"దాన్ని విప్పకే తల్లీ. మిషనుకేం జబ్బు లేదు."

"మరి ఈ ఆలస్యాన్ని ఏమని రాయాలి?"

"ఏలీషా కావాలని చెయ్యలేదని రాయి," అన్నాడు. ఆ పిల్ల బుర్ర గోక్కుంది. ఇలాంటిదాన్ని నమోదు చెయ్యడానికి తన పట్టికలో గడి లేదు. చాలాసేపు ఆ గీతనే చూస్తూ ఉండిపోయింది.

షామియానా కింద ప్రేమవిందు మొదలైంది. అన్నం, మాంసం కూర, పప్పుచారు. రత్నం ఒక మూల కుర్చీలో కూర్చుని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, వంకర్లు పోయిన వేళ్ళ వంక చూసుకుంటున్నాడు. ఎడంచేత్తో తినలేడు, కుడిచేతి వేళ్ళు ముద్ద పట్టవు. ఏలీషా కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"రత్నం, ఆ రోజు కొట్టులో ఒక మాట అన్నాను. తప్పు నాది. అది జాలి కాదు, నాకు ఇవాళ తెలిసింది."

రత్నం వేళ్ళ మీంచి చూపు ఎత్తాడు. "ఎలా తెలిసింది?"

"నేనూ ఆగేను కదరా."

రత్నమే ముందు తేరుకున్నాడు. "ఆగితే ఆగేవు గాని, ఆరో చరణంలో మరీ నత్తలా కొట్టేవు బావా. బిషప్ గారు నిద్రపోయేరు."

"నోర్ముయ్," అన్నాడు ఏలీషా. ఆ ఎగతాళికి ఎంత సంతోషం కలిగిందంటే, కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

బావమరిది ఒళ్ళోంచి పళ్ళెం తీసుకున్నాడు. గ్రీజు మరకలు ఎన్నటికీ పోని ఆ చేత్తో అన్నంలో కూర కలిపి, ముద్ద చేసి, నోటి దగ్గర పెట్టాడు. నలుగురూ చూస్తున్నారు, ఆడవాళ్ళు కొంగులు అడ్డంపెట్టుకుని నవ్వుతున్నారు. సువార్త చేతిలో గరిట పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. రత్నం సిగ్గుపడుతూనే నోరు తెరిచాడు. రెండో ముద్ద చేతిలో సిద్ధంగా ఉంది. అది చూసి రత్నం గబగబా నమలబోయాడు.

"నెమ్మదిగా తినరా," అన్నాడు ఏలీషా. "నాకేం తొందర లేదు."